ట్విస్టు ముందే తెలిసిపోయిందంటున్నారు, మోసం చేశావనీ అంటున్నారు

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం, బీటీఎం లేఔట్‌లో ఉంటాను. ఒక థ్రిల్లర్ స్క్రిప్టు రాశాను. మారతహళ్లిలో ఒక లేడీస్ పీజీ. అందులో ఉండే భార్గవి కనబడకుండా పోతుంది. రూమ్‌మేట్ స్వాతి సినిమా అంతా ఆమె కోసం వెతుకుతుంది. చంపింది స్వాతే అని క్లైమాక్స్‌లో తెలుస్తుంది. స్వాతి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఉద్యోగం తెచ్చుకుందని భార్గవి కనిపెట్టడమే కారణం. ఐదుగురు స్నేహితులకు నెరేషన్ ఇచ్చాను. ఇద్దరు ఇంటర్వెల్‌కే 'స్వాతే కదా' అన్నారు. ముగ్గురు చివరిదాకా విని 'ఇది చీటింగ్' అన్నారు. క్లూలు పెంచితే దొరికిపోతాను, తగ్గిస్తే మోసం అంటారు. అసలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? దీన్నే నవలగా కూడా రాయాలని ఉంది. స్క్రిప్టు జతచేశాను.

జవాబు: ఇద్దరిదీ ముగ్గురిదీ వేర్వేరు ఫిర్యాదుల్లా ఉన్నాయి గానీ మూలం ఒకటే. మీరు ఒక్క కథే రాసి, దాని చివరి పేజీ మడిచి జేబులో పెట్టుకున్నారు. మడత కనబడినవాళ్లు ఇంటర్వెల్‌కే పట్టేశారు. కనబడనివాళ్లు చివర్లో ఆ పేజీ చూసి కోప్పడ్డారు. క్లూల లెక్క తర్వాత చూద్దాం, ముందు మీ దగ్గర లేనిది రెండో కథ.

ట్విస్టున్న కథలో ఎప్పుడూ రెండు కథలుంటాయి. నిజంగా జరిగింది ఒకటి, జరుగుతోందని ప్రేక్షకుడు నమ్మేది ఇంకొకటి. రెండూ అవే సీన్ల మీద నడవాలి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీకి నిలువుగా గీత కొట్టండి. ఎడమవైపు ప్రేక్షకుడు ఏమనుకుంటాడో రాయండి, కుడివైపు అసలు ఏం జరిగిందో రాయండి. ముందు నింపాల్సింది కుడివైపు. అదీ సీన్ల వరసలో కాదు, గడియారం వరసలో. రాత్రి ఎన్నింటికి చంపింది, తర్వాతి గంట ఎక్కడుంది, భార్గవి ఫోన్ ఎవరి దగ్గరుంది, తన ఫోన్ ఎక్కడుంది, పొద్దున్న టిఫిన్‌కి కిందికి దిగిందా లేదా. మీ స్క్రిప్టులో హత్య రాత్రి పదికి, స్వాతి మళ్లీ కనబడేది మర్నాడు మధ్యాహ్నం రెండుకి. మధ్యలో పదహారు గంటలు ఖాళీ. ఆ పదహారు గంటల్లో ఏం జరిగిందో మీకే తెలియదు కాబట్టి మీ క్లూలు గాలిలో పుట్టాయి. ఓనరు స్టోర్‌రూమ్‌లో దొరికే రక్తం అంటిన చున్నీ చూడండి. అది అక్కడికి ఎలా వచ్చింది? కుడివైపు కాలమ్‌లో జవాబు లేదు. ప్రేక్షకుణ్ని పక్కదారి పట్టించడానికి మీరే తీసుకెళ్లి పెట్టారు. జనం చీటింగ్ అనేది దీన్నే.

అంతకంటే పెద్ద తప్పు పద్నాలుగో సీన్. స్వాతి ఒంటరిగా గదిలోకి వస్తుంది, మంచం మీద భార్గవి ఫోన్ చూసి కొయ్యబారిపోతుంది, దాన్ని గుండెకు హత్తుకుని ఏడుస్తుంది. గదిలో ఇంకెవరూ లేరు. మరి ఎవరికోసం నటించింది? పాత్ర ఎదుటి పాత్రకు ఎన్ని అబద్ధాలైనా చెప్పొచ్చు, ఒంటరిగా ఉన్నప్పుడు కెమెరాకి అబద్ధం చెప్పకూడదు. ఇది దాటలేని గీత. స్వాతి వాయిస్ ఓవర్‌లో 'ఎక్కడున్నావే భార్గవీ' అనేదీ ఇదే తప్పు, దాన్ని పూర్తిగా తీసేయండి.

పద్నాలుగో సీన్‌ని మాత్రం తీయకండి. ఆ షాక్ అలాగే ఉంచి, దాని కారణం మార్చండి. ఖాళీగా ఉన్న పదహారు గంటలు పనికొచ్చేది ఇక్కడే. హత్య తర్వాత స్వాతి భార్గవి ఫోన్ తీసుకుని మెజెస్టిక్ బస్టాండుకి వెళ్లింది. అక్కడినుంచి భార్గవి అమ్మకి 'ఇంటికి వస్తున్నా' అని మెసేజ్ పెట్టి, ఫోన్‌ని అనంతపురం బస్సులో సీటు కింద పడేసింది. ఫోన్ ఊరివైపు వెళ్తే పిల్ల కూడా అటే వెళ్లిందనుకుంటారు. తన ఫోన్ మాత్రం ఆఫీసు డెస్కు మీదే వదిలింది. మర్నాడు పీజీ ఓనరు అద్దె కోసం భార్గవికి ఫోన్ చేస్తే కండక్టరు ఎత్తాడు. బస్సు తిరిగి వచ్చాక ఓనరు వెళ్లి తెచ్చుకున్నాడు. పిల్ల కనబడటం లేదని తెలిసేసరికి భయపడ్డాడు, ఎందుకంటే ఆయన పీజీకి లైసెన్సు లేదు, పోలీసులు గడప తొక్కితే మూసేయాలి. అందుకని ఎవరూ చూడకుండా ఫోన్ మంచం మీద పెట్టేశాడు.

ఇప్పుడు స్వాతి తలుపు తీస్తుంది. బస్సెక్కించి పంపేసిన ఫోన్ మంచం మీద ఉంది. ఆమె వణుకు నూటికి నూరుపాళ్లు నిజం. ప్రేక్షకుడు 'పాపం, స్నేహితురాలికి ఏమైందో అని వణుకుతోంది' అనుకుంటాడు. 'ఇది వెనక్కి ఎలా వచ్చింది, ఎవరికి తెలిసింది' అని ఆమె వణుకుతోంది. హత్తుకోవడం, ఏడవడం తీసేయండి. చేత్తో ముట్టుకోకుండా అలా నిలబడిపోయిందంటే చాలు. ఫోన్ మోగుతుంది, తెర మీద 'అమ్మ' అని పడుతుంది, కట్. నటికి కూడా కుడివైపు కాలమే చెప్పాలి. ఎడమవైపుది చెబితే నటి దుఃఖాన్ని నటిస్తుంది, రెండోసారి చూసినవాడికి అది అబద్ధమని తెలిసిపోతుంది. ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) విషయంలోనూ అంతే, అక్కడ విషాద సంగీతం వద్దు.

ఒకే సీన్‌కి రెండు అర్థాలుండటం మనవాళ్లకు కొత్తేం కాదు. మన నాట్యశాస్త్రం పతాకాస్థానకం అనేది ఇలాంటిదాన్నే. భవభూతి సంస్కృత నాటకం ఉత్తరరామచరితం మొదటి అంకంలో నిద్రపోతున్న సీతను చూస్తూ రాముడు, ఈమెలో నాకు ప్రియం కానిదేముంది, భరించలేనిది ఎడబాటొక్కటే అంటాడు. ఆ మాట ముగుస్తుండగానే ప్రతీహారి, అంటే ద్వారం దగ్గర కాపలా ఉండే ఆమె, వచ్చి 'వచ్చింది ప్రభూ' అన్న అర్థం వచ్చేలా పలుకుతుంది. ఆమె చెబుతున్నది దుర్ముఖుడు వచ్చాడని. ఆ దుర్ముఖుడే సీత మీద లోకనింద మోసుకొచ్చినవాడు. ప్రతీహారి అబద్ధమాడలేదు, ఏదీ దాచలేదు. మాట ఒకటే, వెళ్లి తగిలింది రెండు చోట్ల.

ఇద్దరు ఎందుకు కనిపెట్టారో చూద్దాం. మీ కథలో ఓనరుని అనుమానిస్తారు, భార్గవి బాయ్‌ఫ్రెండ్‌ని అనుమానిస్తారు, ఆఖరికి వాటర్ ట్యాంకర్ డ్రైవర్ని కూడా అనుమానిస్తారు. స్వాతి మీద మాత్రం ఈగ కూడా వాలదు. థ్రిల్లర్లు చూసి పండిపోయిన మన ప్రేక్షకుడికి ఆ ఒక్కటి చాలు. మందు కాస్త విరుద్ధంగా అనిపిస్తుంది: అందరికంటే ముందు స్వాతినే అనుమానించండి. ఇరవయ్యో సీన్‌కల్లా ఎస్సై ఆమెను కూర్చోబెట్టి అడగాలి. ఆఫీసు స్వైప్ రికార్డులో ఆమె రాత్రి తొమ్మిదికి లోపలికి వెళ్లినట్టుంది, బయటికి వచ్చినట్టు లేదు. ఫోన్ టవర్ లొకేషన్ కూడా ఆఫీసు దగ్గరే చూపిస్తోంది. ఎస్సై 'సరే అమ్మా' అని పంపేస్తాడు, ప్రేక్షకుడు కూడా పంపేస్తాడు. ఒకసారి కడిగేసిన మనిషిని జనం మళ్లీ అనుమానించడం చాలా అరుదు.

ఆ సాక్ష్యంలో చిల్లు ముందే చూపించి ఉండాలి. షిఫ్టు వదిలే వేళ గుంపుగా వెళ్లేవాళ్లు ఒకరి స్వైప్ మీద నలుగురు బయటపడతారని, సెక్యూరిటీ ఆయన అందుకు తిడతాడని మొదటి ఇరవై నిమిషాల్లో ఒక సరదా బిట్ పెట్టండి. ఆఫీసులో సీసీ కెమెరా ఉండదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఫుటేజీ కొన్ని రోజులకు చెరిగిపోయి కొత్తది రికార్డవుతుందని, ఎస్సై అడిగేసరికి ఆ రాత్రిది పోయిందని ఒక్క డైలాగులో చెప్పేస్తే సరిపోతుంది. దాని మీద అంతకంటే సమయం పెట్టకండి.

ఇక క్లూలు. రెండు గంటల సినిమాకి మూడు నుంచి ఐదు చాలు. సంఖ్య కంటే రకం ముఖ్యం. మూడూ వస్తువులే అయితే వేటగాడి కళ్లున్న ప్రేక్షకుడు వరస పట్టేస్తాడు. ఒకటి మాటలో, ఒకటి ప్రవర్తనలో, ఒకటి లేకపోవడంలో ఉండాలి.

లేకపోవడంలో ఉన్న క్లూ చాలా బలమైనది. భార్గవి కనబడలేదని తెలియగానే అందరూ ఆమె నంబరుకి ఫోన్ చేస్తారు. స్వాతి మాత్రం చేయదు. 'ఆంటీ, మీరొకసారి ట్రై చేయండి' అంటుంది, 'ఆఫీసువాళ్లని చేయమన్నా' అంటుంది. వెతికేది తనే, పోస్టరు అంటించేది తనే. సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా ఆ నంబరు నొక్కదు. లేని పనిని ఎవరూ గమనించరు. చివర్లో ఎస్సై కాల్ రికార్డుల కాగితం మీద వేలు పెట్టి కిందిదాకా లాగి, స్వాతి నంబరు లేదని చూస్తే చాలు, మాట అక్కర్లేదు.

మాటలో పెట్టే క్లూకి తెలుగంత అనువైన భాష దొరకదు. కనబడకుండా పోయిన రెండో రోజు వంటామె 'భార్గవికి రెండు చపాతీలు ఉంచనా' అంటే స్వాతి 'తను రాత్రిపూట అన్నమే తినేది' అంటుంది. 'తింటుంది' అనాలి. 'తినేది' అంటే ఆ మనిషి ఇక తినదు. మన చెవి దాన్ని జారవిడుస్తుంది, ఎందుకంటే మనం మామూలుగా కూడా అలా అంటుంటాం. రెండోసారి విన్నప్పుడు మాత్రం గుచ్చుకుంటుంది.

మీ కథలో ప్రాణమంతా దాగిన క్లూ వేరే ఉంది, దాన్ని మీరు చేతిలో పెట్టుకుని చూడలేదు. భార్గవిది అనంతపురం వైపు, స్వాతిది రాజమండ్రి అని మీరే రాశారు. రాయలసీమ పిల్ల తండ్రి తమ్ముణ్ని చిన్నాయన అంటుంది. గోదావరి పిల్ల బాబాయి అంటుంది. ఆరో సీన్‌లో భార్గవి ఇంటికి ఫోన్ చేసి 'చిన్నాయనకి చెప్పు మా' అంటుంటే స్వాతి పక్కనుంచి నవ్వుతుంది: 'చిన్నాయన ఏంటే బాబూ, బాబాయి అనొచ్చుగా.' భార్గవి దిండు విసురుతుంది. వంటామె కన్నడలో 'చిక్కప్ప' అంటుంది, ముగ్గురూ నవ్వుకుంటారు. బెంగళూరు పీజీల్లో రోజూ జరిగేదే ఇది, క్లూ అని ఎవరికీ తోచదు. నవ్వుతున్న ప్రేక్షకుడు లెక్క రాసుకోడు. క్లూ పెట్టిన వెంటనే వేరే పని మొదలవ్వాలి కూడా: కరెంటు పోతుంది, కింద ట్యాంకరు వస్తుంది, బకెట్లు తీసుకుని పరుగెత్తుతారు.

మెజెస్టిక్ నుంచి స్వాతి పెట్టిన మెసేజ్‌లో ఇలా ఉంటుంది: 'బస్సెక్కాను మా. బాబాయిని స్టాండుకి రమ్మను.' ఆ మెసేజ్ తెర మీద పూర్తిగా, చదవడానికి వీలుగా కనబడాలి. ప్రేక్షకుడి చూపు 'బస్సెక్కాను' మీద ఉంటుంది. తర్వాతి మాట అతని కళ్ల ముందే ఉన్నా చదివి వదిలేస్తాడు. వాళ్లమ్మ కూడా ఆ పూట పిల్ల వస్తోందన్న సంతోషంలో వదిలేసింది.

హంతకుడు కథలో ముందే కనబడాలని ఇంగ్లిష్ రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో రాసిన డిటెక్టివ్ కథల పది నియమాల్లో మొదటిది చెబుతుంది. అతని ఆలోచనల్ని పాఠకుడి చేత అనుసరింపజేయకూడదన్నది అదే నియమంలో రెండో సగం. ఆ రెండో సగాన్ని అగాథా క్రిస్టీ అంతకు మూడేళ్ల ముందే, 1926లో రోజర్ ఆక్రాయిడ్ హత్య నవలలో దాటేసింది. చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి. అందులో కథ చెప్పే డాక్టరే హంతకుడు. ఉత్తరాలు ఎనిమిదీ నలభైకి వచ్చాయంటాడు, తాను ఎనిమిదీ యాభైకి గది వదిలానంటాడు, తలుపు పిడి మీద చెయ్యి వేసి చేయాల్సింది ఇంకేమైనా మిగిలిందా అని వెనక్కి చూశానంటాడు. ప్రతి మాటా నిజం. హత్య జరిగిన ఆ పది నిమిషాలు మాత్రం చెప్పలేదు. నవల రాసేటప్పుడు స్వాతి చేత 'నేను' అని చెప్పించాలనుకుంటే ఇదే దారి. వాక్యం అబద్ధం కాకూడదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య జాగా ఉండొచ్చు.

నవలలో తెలుగు మీకు ఇంకో సాయం చేస్తుంది, ఒక ఇబ్బందీ పెడుతుంది. కర్త లేకుండానే మన వాక్యం నిలబడుతుంది. 'తను' అంటే ఆడో మగో తెలియదు. 'డాక్టరుగారు వచ్చారు' అన్నప్పుడూ తెలియదు. మనిషిని దాచాలంటే ఇవి చాలు. కానీ చనువున్నచోట 'వచ్చాడు', 'వచ్చింది' అనాల్సిన పాత్ర వరసగా నాలుగుసార్లు 'వచ్చారు' అందంటే పాఠకుడు వెంటనే ముక్కు ఎగబీలుస్తాడు. ఆ గౌరవం పాత్రకి సహజమైతేనే వాడండి. నవల గురించి ఇప్పటికి ఇంత చాలు, ముందు స్క్రిప్టు తేలనివ్వండి.

ఏం దాచాలో తేల్చుకోకపోవడం మీ స్క్రిప్టులో ఇంకో లోపం. భార్గవి బతికుందా, చంపిందెవరు, ఎందుకు, శవం ఎక్కడ అని నాలుగు విషయాలు ఒకేసారి మూసిపెట్టారు. అన్నీ మూసేస్తే ప్రేక్షకుడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఫోన్ తీసి చూసుకుంటాడు. 2013లో మలయాళంలో, 2014లో తెలుగులో వచ్చిన దృశ్యం చూడండి. చావు మనం చూశాం, ఎవరు చేశారో ఎందుకో చూశాం, కుటుంబం అబద్ధాలు వల్లెవేయడం కూడా చూశాం. దాచింది ఒక్కటే, శవం ఉన్న చోటు. మిగతాదంతా విప్పి ఇచ్చారు కాబట్టే ఆ ఒక్కటీ అంత బరువుగా దిగింది. మీరు 'ఎవరు' ఒక్కటి ఉంచుకోండి. సినిమా అరవై శాతం దాటేలోపు శవం దొరకాలి. కారణం కూడా ముందే బయట తిరగాలి: వాళ్ల ఆఫీసులో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలైందని, ఇద్దరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని క్యాబ్‌లో మాట్లాడుకుంటారు. అది స్వాతి కథని ఎవరూ అనుకోరు, ఆ ఊరి కథ అనుకుంటారు.

ఇంటర్వెల్ సంగతి మన సినిమాల్లో ప్రత్యేకం. పదీ పదిహేను నిమిషాలు జనం పాప్‌కార్న్ క్యూలో నిలబడి కథ మీద కలిసి బుర్ర పెడతారు. ఒక్కడికి తట్టినా పక్కవాడికి చెప్పేస్తాడు. కాబట్టి ఇంటర్వెల్‌లో వాళ్లు నమలడానికి మీరే ఒక ఎముక వేయాలి. చున్నీ తీసేసి, భార్గవి ఫోన్‌ని ఓనరు బస్టాండులో కండక్టరు నుంచి తీసుకుంటున్న సీసీ ఫుటేజీ అక్కడ పెట్టండి. అది నిజం, దానికి కుడి కాలమ్‌లో జవాబుంది, అయినా అందరి వేళ్లూ ఓనరు వైపే తిరుగుతాయి. ప్రీ-క్లైమాక్స్‌కి ముందే ఓనరు లైసెన్సు సంగతి తేలిపోవాలి. బాయ్‌ఫ్రెండ్‌ని చిన్నపాత్ర చేసేయండి. ట్యాంకర్ డ్రైవర్ మీద అనుమానం పూర్తిగా ఎత్తేయండి. ఇద్దరికి మించి తప్పుడు అనుమానితులుంటే ఎవరి మీదా అనుమానం నిలవదు.

ఇప్పుడు ముడి విప్పే సీన్. మీరు స్వాతి చేత ఆరు నిమిషాలు చెప్పించి, పక్కన పన్నెండు ఫ్లాష్‌బ్యాక్ షాట్లు వేశారు. ప్రేక్షకుడికి తెలిసిపోయిన రెండో నిమిషం నుంచి ఆఖరిదాకా అతను వేచి చూస్తూ ఉంటాడు. అరిస్టాటిల్ ఈడిపస్ అనే గ్రీకు నాటకాన్ని మెచ్చుకుంటూ ఒక మంచి సంగతి పట్టుకున్నాడు. దూత ఈడిపస్‌ని, తల్లిని పెళ్లాడతానేమోనన్న భయం నుంచి తప్పించాలనే వస్తాడు, అతను చెప్పిన మంచి మాటే కొంప ముంచుతుంది. నిజం బయటపెట్టే మనిషికి అది బయటపెడుతున్నానని తెలియకపోతే సీన్‌కి వచ్చే బలం వేరు.

మీకు ఆ దూత సిద్ధంగా ఉంది, భార్గవి అమ్మ. అంత్యక్రియలయ్యాక సామాను తీసుకెళ్లడానికి పీజీకి వచ్చింది. మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది, స్వాతి అందిస్తోంది. ఫోన్ తీసి పిల్ల ఆఖరి మెసేజ్ స్వాతికి చూపిస్తుంది. 'ఎప్పుడూ చిన్నాయన అనేది. ఈసారి బాబాయి అని రాసినాది చూడు. మీ జతలో ఉండి మీ మాట నేర్చుకునిందేమో' అని నవ్వబోయి ఏడుస్తుంది. స్వాతి చేతిలో చున్నీ సగం మడతలో ఆగిపోతుంది. ఫ్లాష్‌బ్యాక్ కావాలంటే ఒక్కటే వేయండి, ఆరో సీన్‌లో దిండు విసిరిన నవ్వు. ఇది రెండున్నర నిమిషాల సీన్. మిగతా లెక్కలు ఎస్సై కాల్ రికార్డుల కాగితం చూసుకుంటుంది.

ఇక్కడే 'సమాప్తం' వేయకండి. మీ స్క్రిప్టు ట్విస్టు మీదే ఆగిపోయింది, అందుకే తెలివిగా ఉంది గానీ తడి లేదు. కర్ణుడి పుట్టుక రహస్యం భారతంలో ఎన్నిసార్లు విప్పారో గమనించండి. విన్న మనకు మొదటినుంచీ తెలుసు. యుద్ధం ముందు కుంతి కర్ణుడికి చెప్పినప్పుడు అతను ఇటూ అటూ కాకుండా నలిగిపోతాడు. యుద్ధమయ్యాక తర్పణాల వేళ ధర్మరాజుకి చెప్పినప్పుడు గెలిచిన రాజ్యం మొత్తం బూడిదవుతుంది, ఆడవాళ్ల నోట రహస్యం దాగకూడదని శపించేదాకా వెళ్తాడు. రహస్యం ఒక్కటే, ఎవరి గుండెల్లో దిగింది అన్నదాన్ని బట్టి దాని పని మారింది. మీ కథలో నిజం ప్రేక్షకుడికి దిగింది, స్వాతికి దిగింది, అమ్మకి ఇంకా దిగలేదు. ఆమె స్వాతి తల నిమిరి 'నువ్వన్నా అప్పుడప్పుడూ ఇంటికి రామ్మా' అంటుంది. అక్కడినుంచి పది పన్నెండు నిమిషాలుంది మీకు. ఆమెకి తెలుస్తుందా, ఎవరు చెబుతారు, స్వాతే చెబుతుందా? నా ఓటు స్వాతి చెప్పడానికే, అయితే ఆ నిర్ణయం మీరు ఆమెను ఎంత దగ్గరగా చూశారన్నదాని మీద ఉంటుంది.

రెండో ట్విస్టు వేయాలన్న ఆలోచన మీ నోట్‌లో కనబడింది, వంటామెకి ముందే తెలుసని. వద్దు. అది అమ్మ సీన్‌ని తినేస్తుంది.

తిరగరాశాక ఆ ఐదుగురికీ మళ్లీ చెప్పకండి, వాళ్ల చెవులు ఇక పనికిరావు. కథ అసలు తెలియని కొత్తవాళ్లను ఐదుగురిని పట్టుకుని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పండి. గుంపులో ఒకడి మాట మిగతావాళ్లు అందుకుంటారు. నాలుగు చోట్ల ఆపి 'ఇప్పుడు ఏమనుకుంటున్నారు' అని మాత్రం అడిగి, వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు రాసుకోండి: పద్నాలుగో సీన్ తర్వాత, ఎస్సై స్వాతిని వదిలేశాక, ఇంటర్వెల్‌లో, శవం దొరికాక. ఐదుగురిలో ఒకరు కనిపెడితే కంగారు పడొద్దు, అది ఆరోగ్యమే. ముగ్గురు కనిపెడితే ఏ ఆపుదల దగ్గర పట్టారో చూసి, దాని వెనక సీన్‌లో ఉన్న క్లూ ఒక్కటే పలచన చేయండి, అన్నిటినీ ముట్టుకోకండి. ఎవరూ కనిపెట్టక, చివర్లో 'అదెలా కుదురుతుంది' అన్నారంటే ఆరో సీన్ చెవిన పడలేదని లెక్క. అప్పుడు దిండు విసరడానికి ముందు భార్గవి చేత 'చిన్నాయన' అని ఇంకోసారి అనిపించండి.